వ్యాధుల వారసత్వానికి లెక్క కట్టిన హాల్డేన్

వంశపారంపర్య వ్యాధులను గణాంకాల సాయంతో శోధించిన జె.బి.ఎస్. హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. రక్తం గడ్డకట్టని హీమోఫిలియాకు మూలమైన జన్యుమార్పు ఎంత తరచుగా సంభవిస్తుందో 1935లో అంచనా కట్టారు. తల్లిదండ్రులలో ఒకరి నుంచే థలసీమియా జన్యువు సంక్రమించినవారు మలేరియాను తట్టుకోగలరని, అందువల్లనే మలేరియా ప్రాంతాలలో ఆ రక్తహీనత అధికమని 1949లో ప్రతిపాదించారు. తదుపరి పరిశోధనలు దీనిని బలపరిచాయి.

నేటి సాల్ట్ లేక్ పట్టణం ఇంకా చిత్తడి నేలగానే ఉన్న 1957లో ఆయన కలకత్తా చేరి, బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. పిఠాపురంలో జన్మించిన ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణ ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాల ప్రభావాన్ని అధ్యయనం చేశారు.

1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కేన్సర్‌తో హాల్డేన్ మరణించారు. ఆయన కోరిక మేరకు భౌతికకాయం వైద్య విద్యార్థుల బోధన నిమిత్తం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.