బడిపంతులు ఓమ్

వరంగల్లు, హనుమకొండ వీథులలో పొగయు చప్పుడును లేక సాగిపోవు విద్యుత్ ఆటోలను నేడు చూచుచున్నాము. తాళము త్రిప్పినంతనే బ్యాటరీలోని విద్యుత్తు కంట్రోలరునందలి ఖాళీ కెపాసిటర్లలోనికి ఒక్కుమ్మడిగా ఉఱుకబోవును. ఆ ఉఱవడికి స్విచ్చు మొనలు కాలి అతుకుకొనిపోవచ్చును. కావున పెక్కు కంట్రోలరులలో మొదట ఒక నిరోధకము అడ్డు నిలిచి ప్రవాహమును మెల్లగా విడుచును. మఱియొక చిన్న నిరోధకము మోటారునకు పోవు ప్రవాహమును కొలుచుటకు తోడ్పడును. ఈ రెండు పనులకును ఆధారమైన సూత్రమును కనుగొన్నవాడు ఒక బడిపంతులు.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేయు పనివాడు. స్వయంకృషితో గణితము నేర్చి కుమారులకు తానే బోధించెను. ఓమ్‌కు పదేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. 1811లో డాక్టరు పట్టమును పొందియు, జీతము చాలక ఆయన విశ్వవిద్యాలయమును వీడి బడులలో చేరెను. 1817లో కొలోన్ నగరపు జెసూట్ పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అచట మంచి ప్రయోగశాల యుండెను.

1825లో ఆయన ప్రకటించిన తొలి సూత్రము తప్పు. ఘటమునుండి వచ్చు విద్యుత్తు నిలుకడగా లేకుండుటయే అందులకు ముఖ్య కారణము. పొగెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై ఓమ్ బిస్మత్తును రాగిని జతచేసి, ఒక అతుకును మరుగు నీటిలోను, రెండవదానిని మంచులోను ఉంచి, నిలుకడగల విద్యుత్తును పొందెను. ఒకే మందముగల ఎనిమిది రాగితీగలను, 2 అంగుళముల దానినుండి 130 అంగుళముల దానివఱకు, ఒక్కొక్కటిగా కలిపి చూచెను. నిరోధము పెరిగిన కొలది ప్రవాహము ఎంత తగ్గునో లెక్క తేలెను. తన తప్పును తానే దిద్ది 1826లో ప్రకటించెను. లెక్క తప్పిన బాలునిపై కోపించు మనవంటివారము ఈ ఘట్టమును ఒకసారి తలచుకొనవచ్చును.

సగము జీతముపై సెలవు తీసికొని, బెర్లినులో సోదరునికడ నుండి, 1827లో గ్రంథమును వెలువరించెను. దానితో విశ్వవిద్యాలయమున ఉద్యోగము లభించునని ఆశించెను. లభింపలేదు. గణితముతో నిండిన ఆ గ్రంథమును మెచ్చినవారికంటె ఈసడించినవారే ఎక్కువ. మనసు విఱిగి 1828లో కొలోన్ కొలువును వదలుకొనెను. అయిదేండ్లు బెర్లినులో చిన్నపాటి బోధనతో గడపి, 1833లో నూరెంబర్గు పాలిటెక్నిక్కున చేరెను.

స్వదేశమున దక్కని గౌరవము మొదట పరదేశమునుండి వచ్చెను. 1841లో లండను రాయల్ సొసైటీ ఆయనకు కోప్లే పతకము నిచ్చెను. మ్యూనిక్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర పీఠము దొరకునప్పటికి 1852వ సంవత్సరము వచ్చెను. ఆయనకు అఱువది మూడేండ్లు. అందు కూర్చున్నది రెండేండ్లే. 1854 జూలై 6న గతించెను. 1881లో పారిస్ నగరమున కూడిన విద్యుత్ మహాసభ నిరోధపు కొలమానమునకు ఓమ్ పేరునే స్థిరపఱచెను.