రాజుకు సేవకుడు, దేవునికి సాక్షి: పునీత థామస్ మోర్

ప్రతి యేటా జూన్ 22వ తేదీన శ్రీసభ ఇద్దరు వేదసాక్షులను కలిపి స్మరిస్తుంది. ఒకరు రోచెస్టర్ మేత్రాణులు పునీత జాన్ ఫిషర్. మరొకరు సంసారి, న్యాయవాది, ఇంగ్లండు దేశపు లార్డ్ ఛాన్సలర్ పునీత థామస్ మోర్. 1935లో 11వ పయస్ పోపుగారు వీరిద్దరినీ పునీతులుగా ప్రకటించారు. 2000వ సంవత్సరంలో 2వ జాన్ పాల్ పోపుగారు మోర్‌ను ప్రభుత్వాలు నడిపేవారికి, రాజకీయ నాయకులకు పాలక పునీతునిగా ప్రకటించారు. రాజు మాట కాదన్నందుకు తల పోగొట్టుకున్న మనిషి పాలకులకు పాలక పునీతుడు ఎలా అయ్యారు?

మోర్ 1478లో లండన్‌లో ఒక న్యాయవాది ఇంట జన్మించారు. బాల్యంలో కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి మోర్టన్‌గారి ఇంట పరిచారకునిగా ఉన్నారు. కుర్రవాని తెలివి చూసి ఆయనే ఆక్స్‌ఫర్డ్ చదువుకు పంపించారు. తండ్రి మాత్రం కొంతకాలానికే వెనక్కు పిలిపించి న్యాయశాస్త్రంలో పెట్టారు. ఆ రోజుల్లోనే మోర్ సుమారు నాలుగేళ్లు కార్తూసియన్ మఠవాసుల చెంత ప్రార్థనలో గడిపారు. మఠంలో చేరాలా, పెళ్లి చేసుకోవాలా అని ఎంతో మథనపడ్డారు. చివరకు సంసార జీవితమే తన పిలుపు అని నిశ్చయించుకున్నారు.

జేన్ కోల్ట్‌ను వివాహమాడగా ముగ్గురు కూతుళ్లు, ఒక కొడుకు పుట్టారు. 1511లో ఆమె మరణించింది. పసిపిల్లలను సాకే తల్లి లేకపోవడంతో కొద్ది వారాలకే ఆలిస్ అనే వితంతువును చేసుకున్నారు. ఆడపిల్లలకు చదువెందుకు అనుకునే ఆ కాలంలో కూతుళ్లకు కొడుకుతో సమానంగా లాటిన్, గ్రీకు చెప్పించారు. పట్టుబట్టల కింద ఒంటికి గుచ్చుకునే వెంట్రుకల చొక్కా తొడుక్కునేవారు. దానిని ఉతికి పెట్టే పెద్ద కూతురు మార్గరెట్‌కే ఆ రహస్యం తెలుసు. దేశంలో రాజు తరువాత అంతటి పదవిలో ఉండి కూడా చెల్సీ విచారణ గుడిలో పాటల బృందంతో నిలబడి పాడేవారు. ఒక ప్రభువుకు అది నామోషీగా తోచి కోప్పడ్డారట!

1523లో పార్లమెంటు దిగువ సభకు స్పీకరుగా ఎన్నికైనప్పుడు, సభ్యులు భయపడకుండా మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వమని రాజును అర్థించారు. 1529లో లార్డ్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన తీర్పుతో మేలు పొందిన ఒక స్త్రీ కొత్త సంవత్సరం కానుకగా ఒక జత చేతి తొడుగులు, వాటితోపాటు 40 పౌనుల బంగారు నాణేలు పంపింది. తొడుగులు ఉంచుకుని బంగారం తిప్పి పంపించారు.

ఒక మాట దాచకూడదు. ఆయన పదవిలో ఉన్న కాలంలో మతవిరోధులని తీర్పు పొందిన ఆరుగురిని సజీవ దహనం చేశారు. మోర్ దానిని తప్పుగా భావించలేదు సరికదా, సమర్థించారు. తన అంతరాత్మకు కోరిన స్వేచ్ఛ ఆయన వారికి ఇవ్వలేదు. మత విషయంలో ఎవరినీ బలవంతం చేయరాదని 2వ వాటికన్ మహాసభ స్పష్టంగా ప్రకటించింది 1965లో.

ఇక రాజు సంగతి. 8వ హెన్రీ తన భార్య కేథరీన్‌తో జరిగిన వివాహం చెల్లదనిపించుకుని ఆన్ బొలీన్‌ను చేసుకోవాలనుకున్నాడు. పోపుగారు ఒప్పుకోకపోయేసరికి ఇంగ్లండు శ్రీసభకు తానే శిరస్సు కావాలని పూనుకున్నాడు. 1532 మే 15న గురువర్గం రాజుకు లొంగిపోయింది. మరునాడే మోర్ రాజీనామా చేశారు. తిరుగుబాటు లేదు, నిందలు లేవు. ఆదాయం పడిపోయింది గనుక ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ఖర్చులు ఎలా తగ్గించుకోవాలో మాట్లాడుకున్నారు.

రాజుకు ఆ మౌనం కూడా సరిపోలేదు. 1534లో, ఆన్ బిడ్డలే సింహాసనానికి వారసులని అందరూ ప్రమాణం చేయాలని చట్టం వచ్చింది. ఏప్రిల్ 13న మోర్‌ను పిలిపించారు. ఆ ఉదయం పాపసంకీర్తనం చేసి, దివ్యబలిపూజలో పాల్గొని బయలుదేరారు. ఎప్పుడూ భార్యాపిల్లలు పడవదాకా వచ్చి సాగనంపేవారు. ఆ రోజు మాత్రం తోట తలుపు తన వెనుక తానే మూసివేసి, ఎవరినీ రానివ్వలేదు.

అక్కడ ఆయన చూపిన తేడాను మనం గమనించాలి. సింహాసనం ఎవరికి చెందాలో నిర్ణయించే హక్కు పార్లమెంటుకు ఉంది, ఆ మేరకు ప్రమాణం చేస్తానన్నారు. కాని ఆ ప్రమాణంలో పోపుగారి అధికారాన్ని కాదనే మాటలు కూడా కలిపారు. వాటిని మాత్రం పలకలేనన్నారు. ప్రమాణం చేసినవారిని తప్పుపట్టలేదు. ఎందుకు చేయరో కారణమూ చెప్పలేదు. ఏప్రిల్ 17న లండన్ టవర్ చెరలో పెట్టారు.

చెరసాల ఖర్చు ఖైదీ ఇంటివారే భరించాలి. ఆలిస్ తన బట్టలు అమ్మి డబ్బు కట్టింది. అందరూ చేసిన ప్రమాణం నీవు చేస్తే ఏం పోయిందని ఆమె అడిగింది, మార్గరెట్ కూడా బతిమాలింది. రాజు కోపం కంటే ఈ కన్నీళ్లే ఆయనను ఎక్కువ బాధించి ఉంటాయి. 1535 మే 4న, తాను యువకునిగా ఎవరి చెంత ప్రార్థించారో ఆ కార్తూసియన్ సభకు చెందిన మఠవాసులను మరణశిక్షకు తీసుకుపోతుంటే చెర కిటికీలో నుండి తండ్రీకూతుళ్లు చూశారు. జూన్ 22న ఫిషర్ మేత్రాణులను శిరచ్ఛేదం చేశారు.

జులై 1న వెస్ట్‌మిన్‌స్టర్ హాలులో మోర్‌పై రాజద్రోహం కేసు నడిచింది. మౌనంగా ఉండడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదని ఆ న్యాయవాది వాదించారు. చివరకు రిచర్డ్ రిచ్ అనే అధికారి, రాజు శిరస్సు కాజాలడని మోర్ తనతో చెరలో అన్నాడని సాక్ష్యం చెప్పాడు. అది అబద్ధమని మోర్ ఖండించారు. అయినా మరణశిక్ష పడింది. అప్పుడు మాత్రమే నోరు విప్పి, సార్వత్రిక శ్రీసభ అధికారాన్ని ఒక్క దేశపు పార్లమెంటు రద్దు చేయజాలదని నిర్భయంగా చెప్పారు.

టవర్‌కు తిరిగి తీసుకువస్తుంటే మార్గరెట్ ఆయుధాలు పట్టిన భటుల మధ్య నుండి దూసుకువెళ్లి తండ్రిని కౌగిలించుకుంది. జులై 6న శిరచ్ఛేదం జరిగింది. తలను లండన్ వంతెన మీద గుంజకు గుచ్చి నిలబెట్టారు. కొద్ది వారాలకు మార్గరెట్ దానిని సంపాదించి భద్రపరచుకుంది. ఇప్పుడది కాంటర్‌బరీలోని పునీత డన్‌స్టన్ దేవాలయంలో, ఆమె అత్తింటివారి సమాధి గదిలో ఉంది.