ఆయప్ప పేరు మూగ్ కాదు, మోగ్

ఇంగ్లీషు అక్షరాలు సూసి సదివితే మూగ్ అని వస్తాది. ఆయప్ప ఇంట్లోవాండ్లు పలికేది మాత్రం మోగ్ అని. రాబర్ట్ మోగ్. తెలుగోళ్లకు ఈ రెండిటి నడుమ తేడా ఇడమర్చి చెప్పే పనిల్యా. ఆయప్ప బతుకులో రెండూ నడిచినాయి. మొదట లోకమంతా మోగినాడు. తర్వాత ఇరవై ఏండ్లకు పైగా సొంత పేరు తన సరుకు మీద రాసుకునేకి లేకుండా మూగైపోయినాడు. ఆ కత చెప్తా ఈ పొద్దు.

అమెరికా ఆయప్పతో మనకేం పని అని అడుగుతారేమో. మన రాప్తాడు చుట్టుపక్కల ఏ ఊర్లో జాతర అయినా, పెండ్లి మెరవణి అయినా సూడండి. ట్రాక్టరు ట్రాలీ మీద డీజే బాక్సులు, ఒక కీబోర్డు, ఒక ప్యాడ్. ఆ కీబోర్డు యాడిదప్పా అంటే యమహా అంటాడొకడు, చైనా అంటాడింకొకడు. దాని వంశం ఎనక్కి తవ్వుకుంటా పోతే న్యూయార్క్ రాష్ట్రంలో ట్రూమన్స్‌బర్గ్ అనే చిన్న ఊర్లో, ఒక అంగడి గదిలో తేలుతాము.

మోగ్ పుట్టింది 1934 మే 23న, న్యూయార్క్ పట్నంలో. నాయన కరెంటు కంపెనీలో ఇంజనీరు. అమ్మ పియానో చెప్పే పంతులమ్మ. కొడుకు పెద్ద పియానో వాయిద్యగాడు కావాలని ఆయమ్మ పట్టు పట్టి కూర్చోబెట్టేది. పిల్లోని మనసు మాత్రం నాయన సామాన్ల గదిలో ఉండేది, వైర్లు, సోల్డరు, రేడియో ముక్కల తావ. పద్నాలుగేండ్లకే థెరమిన్ చేసుకున్నాడు. అది రష్యాలో లియోన్ థెరమిన్ అనే ఆయన కనిపెట్టిన వాయిద్యం. దాన్ని ముట్టుకునే పనిల్యా, గాల్లో చేతులు ఆడిస్తే పలుకుతాది. పందొమ్మిదేండ్లు వచ్చేతలికి నాయన, కొడుకు కలిసి ఇంట్లోనే ఆ వాయిద్యాలు చేసి అమ్మబట్టిరి. తర్వాత విడి భాగాల పెట్టెలు అమ్మినాడు, కొన్నోళ్లు ఇంట్లో కూర్చుని అతికించుకునేట్లు. ఆ దుడ్లతోనే సదువు నడిచింది. క్వీన్స్ కాలేజీలో ఫిజిక్సు, కొలంబియాలో ఎలక్ట్రికల్, కార్నెల్‌లో 1965లో డాక్టరేటు. సదువు తొందరగా అయ్యిండ్లేదు, ఎందుకంటే పెట్టెలు అమ్మేదే ఎక్కువై పాయ.

1963లో ఆయప్పకు హెర్బర్ట్ డాయిష్ అనే సంగీతం మేష్టరు తగులుకున్నాడు. డాయిష్‌కు కొత్త సద్దులు కావాల. అప్పట్లో ఎలక్ట్రానిక్ సంగీతం అంటే టేపును కత్తిరించి, అతికించి, తిప్పేది. ఒక నిమిషం పాటకు వారాల కొద్దీ పని. లేదంటే యూనివర్సిటీలో గది నిండే యంత్రం. పల్లె బడిలో పాఠం చెప్పేవాని చేతికి అది వచ్చేదెప్పుడు? 1964 ఎండాకాలంలో ఇద్దరూ ట్రూమన్స్‌బర్గ్‌లో కూర్చున్నారు. డాయిష్ ఏం కావాలో నోటితో చెప్తాడు, మోగ్ వైర్లతో చేసి సూపిస్తాడు. సద్దు ఠక్కున పుట్టి మెల్లగా ఆరిపోయేట్ల కావాలన్నాడంట డాయిష్. ఎదురుగుండా అంగడికి పోయి కాలింగ్ బెల్ బటన్ ఒకటి కొనుక్కురమ్మన్నాడు మోగ్. ఆ బటన్‌తోనే మొదటి మాదిరి తయారాయ. ఈ ఎండాకాలం కత నాకు శానా ఇష్టం. ఒకడు సంగీతం ఎరిగినోడు, ఒకడు సామాను ఎరిగినోడు, నువ్వెంత నేనెంత అనే మాటే ల్యా.

ఇంతకీ ఆయప్ప చేసిందేమి? బోరు మోటరు తావ నిలబడినోళ్లకు ఇది బాగా అర్థమవుతాది. వోల్టేజి సక్కంగా ఉంటే మోటరు ఒక గొంతుతో నడుస్తాది. లో వోల్టేజి వచ్చిందంటే గొంతు బరువై మూలగబడతాది. కంటికి కనపడకముందే మన చెవికి తెలిసిపోతాది, స్టార్టరు తావకు ఉరుకుతాము, లేదంటే వైండింగు కాలి వేలల్లో బొక్క పడతాది. కరెంటు ఒత్తిడి మారితే సద్దు మారతాది. మనకు నష్టం తెచ్చే ఈ సంగతినే మోగ్ పనిముట్టుగా మార్చినాడు. సద్దు పుట్టించే సర్క్యూట్‌కు ఒక వోల్టు పెంచితే సరిగ్గా ఒక స్థాయి పైకి పోతాది, కింది స నుంచి పై స దాకా. ఆ వోల్టులో పన్నెండో వంతు పెంచితే ఒక మెట్టు. ఇది లెక్కగా పెట్టుకున్నాడు. ఇంకొక వోల్టేజి ఫిల్టర్‌ను నడుపుతాది, అంటే సద్దులో ముతకది, సన్నది వేరు చేసే జల్లెడను. ఇంకొకటి సద్దు ఎంత బిరీన లేవాల, ఎంత సేపు నిలబడాల, ఎట్ల ఆరిపోవాల అనేది సూసుకుంటాది. తప్పెట దెబ్బకూ నాదస్వరానికీ తేడా అక్కడే కదా ఉండేది. ఒక పెట్టెలో నుంచి వచ్చే వోల్టేజి ఇంకొక పెట్టెను ఆడిస్తాది, అది ఇంకొకదాన్ని. నడుమ వైర్లు. ఏ వైరు యాడ గుచ్చాలనేది వాయించేవాని ఇష్టం.

సీక్వెన్సరు కూడా ఆ వంశమే. డ్రిప్పు తోటలో ఎనిమిది గేటువాల్వులు ఉండాయనుకోండి. ఒకటి తిప్పి, అది కట్టేసి, రెండోది తిప్పి, కడాకు పోయి మళ్లా మొదటిదానికి వస్తాము. మోగ్ చేసిన సీక్వెన్సరులో ఎనిమిది గడులు, మూడు వరసలు. ఒక్కో గడికి ఒక్కో వోల్టేజి పెట్టి వదిలితే, అదే సుట్టు తిరుగుతా స్వరాలు పలుకుతా ఉంటాది, మనిషి చేయి నొప్పి పెట్టకుండా. మన డీజే పాటల్లో గుండెల మీద కొట్టేట్ల తిరిగి తిరిగి వచ్చే వరస ఇదే.

1968లో వెండీ కార్లోస్ అనే ఆయమ్మ ఈ యంత్రం మీద బాఖ్ సంగీతం వాయించి రికార్డు చేసింది. స్విచ్డ్-ఆన్ బాఖ్ అని పేరు. ఆ యంత్రం ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతాది. ఒక్కొక్క గొంతు విడిగా టేపుకు ఎక్కించి, పొర మీద పొర వేసి నేసింది. నెలల పని. ఆ రికార్డు లక్షల్లో అమ్ముడుపాయ, మూడు గ్రామీలు వచ్చె. ఈ మీట ఇట్ల మార్చు, ఈ కీలు చేతి ఒత్తిడికి పలికేట్ల చెయ్ అని మోగ్‌కు చెప్పి చేయించిందీ ఆయమ్మే. 1969లో బీటిల్స్ వాండ్లు కూడా అబ్బీ రోడ్ పాటల్లో వాడినారు. అదే 1969లో ఒక మోగ్ యంత్రం మన దేశానికీ వచ్చింది. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో పెట్టినారు. న్యూయార్క్ నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి బిగించి నేర్పించినాడు. మనోళ్లే దాని మీద టేపులు చేసినారు. అవి బీరువాలో పడి, అర్ధ శతాబ్దం తర్వాత బయటికొచ్చినాయి. మన తెలుగు సినిమాకు ఈ జాతి వాయిద్యాలు మద్రాసు స్టూడియోల్లో నుంచి వచ్చినాయి. రాజ్–కోటి పాటలకు కీబోర్డు వాయించిన దిలీప్ అనే పిల్లోడే తర్వాత ఏఆర్ రెహమాన్ అయ్యింది.

ఇప్పుడు పొట్టకూటి మాట. 1969లోనే అమెరికాలో వాయిద్యగాళ్ల సంఘం లేచి నిలబడింది. పదిమంది ఫిడేలు వాయించే తావ ఒక్కడు మీటలు తిప్పితే మా పిల్లోళ్లకు అన్నం యాడిది అని. వ్యాపార ప్రకటనల్లో మోగ్ వాడకూడదని ఒప్పందం రాయించుకున్నారు. కొంతమంది దీన్ని ఎగతాళి చేస్తారు, ముందుకు పోయే చక్రానికి అడ్డం పడినారని. నేను చెయ్యను. కూలోనికి యంత్రం మీద భయం తెలివితక్కువతో రాదు, అనుభవంతో వస్తాది. కానీ ఆ యంత్రం తనంతట తాను ఎవరి అన్నమూ తినల్యా. 1977లో జార్జియో మొరోడర్ చేసిన ఐ ఫీల్ లవ్ పాట సూడండి, డోనా సమ్మర్ పాడింది. అది కడాకంటా మోగ్ సీక్వెన్సరు మీద నడుస్తాది. అయినా పెద్ద డ్రమ్ము దెబ్బ మాత్రం యంత్రంతో సక్కంగా రాక, ఒక మనిషిని కూర్చోబెట్టి కాలితో కొట్టించినారు.

మన ఉరుములవాండ్ల సంగతి చెప్పకుండా ఈ మాట దాటలేను. ఉరుములు మన అనంతపురం జిల్లాకే గుర్తు, దళిత కుటుంబాల చేతుల్లో బతికిండే కళ. ఆ ఉరుమును వంపు పుల్లతో రాస్తే మబ్బు గుర్రుమన్నట్ల సద్దు జారతాది. మోగ్ యంత్రంలో సద్దు అట్ల జారేకి ప్రత్యేకంగా ఒక గుండీ ఉండాది, గ్లైడ్ అంటారు. ఉరుముల అన్నకు ఆ గుండీ మోచేతిలోనే ఉండాది. ఇప్పుడు జాతరకు డీజేని పిలిస్తే పదిమంది ఉరుములోళ్లు ఇంట్లో కూర్చుంటాండారు. అమెరికాలో వాయిద్యగాళ్లకు సంఘం ఉన్నింది, కంపెనీతో కూర్చుని మాట్లాడింది. మన జాతర కమిటీ ముందర ఉరుములోళ్ల తరపున కూర్చునేది ఎవరు? ఒక రాత్రికి డీజేకి ఇచ్చేదాంట్లో సగమన్నా ముందుగా ఉరుములకు తీసి పెట్టండి అని అడిగే నోరు యాడుంది? తప్పు కీబోర్డుదని తిట్టేది శానా సులభం, దుడ్ల లెక్క రాసేవాండ్లను అడిగేదే కష్టం.

ఆ దుడ్ల లెక్కే మోగ్‌ను కూడా ముంచింది. పెద్ద యంత్రం ఒక్కోటి ఇల్లు కట్టేంత ధర. కొనేవాండ్లు కొంచెం మంది, అప్పులోళ్లు ఎక్కువ మంది. సర్క్యూట్లలో ఫిల్టర్ ఒక్కదానికే పేటెంటు తీసుకున్నాడు. మిగిలినవి పత్రికల్లో, సభల్లో రాసి చెప్పేసినాడు. పని తగ్గితే మా ఉద్యోగాలు పోతాయని భయపడిన ఇంజనీర్లలో బిల్ హెమ్‌సాత్ అనే ఆయన మధ్యాన్నం అన్నం టయాన్లో పాత సామాన్లు ఏరుకుని, ఒక కీబోర్డును రంపంతో రెండుగా కోసి, చేతిలో ఎత్తుకుపోయే చిన్న యంత్రం చేసినాడు. మోగ్ మొదట్లో వాండ్లను తిట్టినాడు. తర్వాత సరే కానీండి అన్నాడు. 1970లో వచ్చిన ఆ మినీమోగ్ పదేండ్లలో పన్నెండు వేల దాకా తయారై లోకమంతా తిరిగింది. కంపెనీకి పేరు తెచ్చిన సరుకు, పనోళ్ల భయంలో నుంచి పుట్టింది.

అది కూడా ఆయప్పను ఒడ్డుకు వెయ్యల్యా. 1971లో అప్పు తట్టుకోలేక కంపెనీ అమ్మేసినాడు. 1973లో అది నార్లిన్ అనే ఇంకా పెద్ద కంపెనీ చేతిలోకి పాయ. ఒప్పందం ముగిసేదాకా సొంత కంపెనీలోనే ఉద్యోగం చేసి 1977లో బయటికొచ్చినాడు. వస్తా వస్తా ఎనక్కి తిరిగి సూస్తే, పేరు ఆడనే ఉండిపోయింది. కంపెనీతో పాటు మోగ్ అనే మాట కూడా అమ్ముడుపోయింది. 1978లో నార్త్ కరొలైనా కొండల్లో యాష్‌విల్ పక్కకు పోయి, బిగ్ బ్రయర్ అని ఇంకొక పేరు పెట్టుకుని, మళ్లా మొదటి మాదిరే థెరమిన్లు చేసుకుంటా కూర్చున్నాడు. కొన్నాళ్లు కాలేజీలో పాఠం చెప్పినాడు. 1980ల్లో ఆ పేరున్న పాత కంపెనీ దివాలా తీసె. అయినా పేరు సులువుగా చేతికి రాల్యా. 2002లో గానీ అమెరికాలో తన సరుకు మీద తన పేరు రాసుకునేకి ఆయప్పకు హక్కు రాల్యా. అప్పటికి అరవై ఎనిమిదేండ్లు. మినీమోగ్ మళ్లా చేసినాడు, మూడేండ్లు పేరుతో బతికినాడు. మెదడులో గడ్డ వచ్చి 2005 ఆగస్టు 21న పోయినాడు. జీవితమంతా తనను పనిముట్లు చేసేవాడిగానే అనుకున్నాడు, మన ఊరి కమ్మరి మాదిరి. పాడేది వేరేవాండ్ల పని.

2015లో ఆ యాష్‌విల్ కంపెనీ యజమాని 49 శాతం వాటా పనోళ్లకు వచ్చేట్ల ఏర్పాటు చేసినాడు. సోల్డరు పట్టే చేతులకు పేరులో పాలు దక్కింది. కొన్నేండ్ల తర్వాత పనోళ్లు యూనియన్ పెట్టుకునేకి కూడా కదిలినారు. 2023లో కంపెనీని ఇన్‌మ్యూజిక్ అనే ఇంకొక పెద్ద కంపెనీ కొనేసింది. ఆ ఏడే యాష్‌విల్‌లో శానా మందిని పనిలో నుంచి తీసేసినారు. పెట్టెల మీద మాత్రం ఇప్పుడూ మోగ్ అనే రాసుంటాది.