నిస్తంత్రీ విజ్ఞానానికి పునాది వేసిన భారతీయుడు: ఆచార్య జగదీశ్ చంద్ర బోసు

తీగ లేకుండా వార్త పంపే విద్య నేడు గుంటూరు, ప్రకాశం మైదానాల నల్లరేగడి చేల వరకు వచ్చింది. పత్తిచేనిలో పాతిన చిన్న పరికరం నేలలోని తేమను కొలిచి, ఆ సంఖ్యను కొన్ని కిలోమీటర్ల దూరంలోని గ్రామానికి పంపగలదు. ఈ విద్య యావత్తూ పాశ్చాత్యుల ప్రసాదమని తలచేవారు మనలో అనేకులు ఉన్నారు. దీనికి ఆధారమైన తరంగాలను శతాబ్దానికి పూర్వమే, కలకత్తాలోని ఒక ఇరుకు గదిలో, స్థానికుడైన ఒక రేకు పనివాని సాయంతో చేయించిన పరికరాలతో పరిశోధించిన మహనీయుడు ఆచార్య జగదీశ్ చంద్ర బోసు. ఆయన జీవితం విద్యార్థులందరూ తెలుసుకోదగినది.

బోసు 1858 నవంబరు 30వ తేదీన, నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు ప్రభుత్వోద్యోగి. బిడ్డలను ఆంగ్ల పాఠశాలకు పంపడమే గౌరవంగా భావించే ఆ రోజులలో ఆయన తన కుమారుని తొలుత వంగభాషా పాఠశాలలో చేర్పించారు. అక్కడ బాలుడైన బోసుకు కుడిప్రక్కన తండ్రి కొలువులోని ముస్లిం సేవకుని కుమారుడు, ఎడమప్రక్కన ఒక జాలరి కుమారుడు కూర్చునేవారు. వారు చెప్పే పక్షుల, జంతువుల, జలచరాల ముచ్చట్లు వినడం వల్లనే ప్రకృతి పరిశీలనపై తనకు ఆసక్తి కలిగిందని బోసు పిదప కాలంలో స్మరించుకున్నారు. ఆ మిత్రులు ఇంటికి వచ్చినప్పుడు ఆయన తల్లి ఏ భేదమూ పాటించక అందరికీ సమానంగా అన్నం పెట్టేవారట.

కలకత్తాలోని సెంట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లఫో శిష్యరికం ఆయనను భౌతికశాస్త్రం వైపు మళ్ళించింది. అనంతరం ఇంగ్లండు వెళ్ళి, కేంబ్రిడ్జిలో లార్డ్ రాలే వంటి విద్వాంసుల వద్ద చదివి, 1885లో స్వదేశానికి వచ్చి ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. ఆనాడు ఆంగ్లేయునికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయునికి దక్కేది. బోసుది తాత్కాలిక నియామకం గనుక అందులోనూ సగమే నిర్ణయించారు. ఈ అవమానాన్ని ఆయన సహించలేదు. అలాగని కొలువూ విడిచిపెట్టలేదు. ఇంటికి అప్పుల భారం ఉన్నా, మూడు సంవత్సరాలు ఒక్క రూపాయి జీతం ముట్టక పాఠాలు చెప్పారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, ఆయన ఉద్యోగాన్ని స్థిరపరచి, గతకాలపు బకాయితో సహా పూర్తి జీతం చెల్లించింది.

విద్యుదయస్కాంత తరంగాలు ఉండగలవని 1865లో మాక్స్‌వెల్ గణితం ద్వారా ప్రతిపాదించగా, 1888 నాటికి హెర్ట్జ్ ప్రయోగపూర్వకంగా నిరూపించారు. హెర్ట్జ్ తరంగాలు పొడవైనవి. అవి కాంతి వలెనే ప్రవర్తిస్తాయని చిన్న గదిలో నిశితంగా నిరూపించాలంటే తరంగాలు మిక్కిలి పొట్టివి కావాలని బోసు గ్రహించారు. 1894లో పరిశోధన ఆరంభించి, సుమారు 5 నుండి 25 మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల తరంగాలను సృష్టించారు. రైళ్ళ వేళలు తెలిపే బ్రాడ్‌షా పుస్తకపు పుటల నడుమ తగరపు రేకులు పెట్టి, దానినే తరంగాలను వడకట్టే సాధనంగా వాడుకున్నారు. 1895లో కలకత్తా టౌన్‌హాలులో ఆయన పంపిన తరంగాలు గోడలను దాటి వెళ్ళి గంట మ్రోగించాయి, తుపాకిమందును పేల్చాయి. మరుసటి సంవత్సరం లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టం ఇచ్చింది. 1897 జనవరిలో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఉపన్యసించారు.

నిస్తంత్రీ విద్యను సముద్రాల మీదుగా వ్యాపింపజేసిన కీర్తి మార్కోనీది. 1909 నోబెల్ బహుమతిని బ్రౌన్‌తో పాటు ఆయన అందుకున్నారు. అయితే 1901లో అట్లాంటిక్ మీదుగా వచ్చిన సంకేతాన్ని అందుకున్న పాదరసపు గ్రాహకం, బోసు 1899లో రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో వర్ణించిన విధానమేనని 1998లో ఒక పరిశోధకుడు సప్రమాణంగా చూపారు. బోసుకు పేటెంటు హక్కులపై మక్కువ లేదు. మిత్రుల బలవంతం మీద గెలీనా స్ఫటిక గ్రాహకానికి 1904లో అమెరికాలో పేటెంటు లభించినా, దానిని ధనార్జనకు వినియోగించలేదు. శాస్త్రం అందరి సొత్తు అని ఆయన విశ్వాసం.

బోసు వాడిన పొట్టి తరంగాల విలువ లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. తరంగం పొట్టిదైన కొద్దీ ఎక్కువ సమాచారాన్ని మోయగలదు. కాని ఆకు, గోడ, వాన దానికి సులువుగా అడ్డు నిలుస్తాయి. పొడవైన తరంగం తక్కువ మోస్తుంది. కాని దూరం పోతుంది. పరికరాలను తీగ లేకుండా అనుసంధించే విద్యలో నేర్పంతా ఏ పనికి ఏ తరంగం తగునో ఎంచుకోవడంలోనే ఉన్నది. పంటకాలంలో వేలాది జనంతో నిండే గుంటూరు మిర్చి యార్డు వంటి చోట, తక్కువ స్థలంలో ఎక్కువ ఫోన్లకు పొట్టి తరంగాలు తగినవి. భారత ప్రభుత్వం 2022లో ఐదవ తరం ఫోన్ల కొరకు వేలం వేసిన 26 గిగాహెర్ట్జ్ తరంగాల పొడవు సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు; అంటే బోసు గదిలో పుట్టిన కొలతలలోనిదే. పొలంలో మాటవేరు. నేల తేమను తెలిపేవి నాలుగంకెలు మాత్రమే. అందుకు మన దేశంలో అల్పశక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేని 865 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు చాలు. వాటి పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. ఎదిగిన పత్తి ఆకులలోని నీరు తరంగశక్తిని పీల్చుకుంటుంది గనుక ఏరియల్‌ను పైరు కన్న ఎత్తున నిలపాలి. పరికరం ఎక్కువ కాలం నిద్రలో ఉండి, అవసరమైనప్పుడే మేల్కొని పంపితే బ్యాటరీ సంవత్సరాల తరబడి మన్నుతుంది. పరికరాలన్నీ ఒకేసారి పలికితే సంకేతాలు కలగాపులగమవుతాయి. కనుక వేళలు పంచాలి.

1900 ప్రాంతం నుండి బోసు దృష్టి వృక్షాలపైకి మళ్ళింది. మొక్క పెరుగుదలను పదివేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫును నిర్మించారు. ఆయన నిర్ణయాలలో కొన్నిటిని తోటి శాస్త్రజ్ఞులు ఒప్పుకోలేదు. కాని మొక్కలలో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయన్న ముఖ్యాంశం నిలిచింది. 1917లో బోసు విజ్ఞాన మందిరాన్ని నెలకొల్పారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1937 నవంబరు 23న గిరిడిలో కన్నుమూశారు.

మొక్క స్థితిని కొలవడం, తీగ లేకుండా సంకేతం పంపడం – ఆయన జీవితంలో వేర్వేరుగా సాగిన ఈ రెండు పరిశోధనలు నేటి చేనులో ఒకటవుతున్నాయి. 2021–22లో నల్ల తామరపురుగు మన మిరప తోటలను నాశనం చేసినప్పుడు, పైరు దుఃస్థితి ముందే తెలియడం ఎంత అవసరమో రైతులందరికీ అనుభవమైంది. అట్టి పరికరాలు వాటిని కొనగల కొద్దిమందికే గాక, కౌలురైతుకు సైతం అందినప్పుడే బోసు ఆశయం నెరవేరినట్లు.

విద్యార్థి మిత్రులారా! ఉర్దూలోనో, తెలుగులోనో చదువు మొదలుపెట్టిన మాకు ఇంతటి శాస్త్రం అందునా అని సంశయించవద్దు. సేవకుని కుమారునికీ, జాలరి కుమారునికీ నడుమ కూర్చుండి మాతృభాషలో అక్షరాలు దిద్దిన బాలుడే ప్రపంచానికి తరంగాల పాఠం చెప్పాడు. మన తరగతి గదులలోనూ అట్టి బల్లలు ఉన్నవి.