నీళ్లడుగ దరికి దిగిన దైవజనుడు
జాన్ విలియమ్స్ గారి జీవితము

చదువవలసిన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1–10



మన పెనుమూడి రేవు నెరిగినవారికి పడవ దిగుట యనగా ఏమో వేరుగ చెప్పనక్కరలేదు. పులిగడ్డకు వంతెన పడకమునుపు కృష్ణ దాటవలెనన్న పడవే గతి. లంకలో దిగినవానికి దాహమైనచో ఎవరి గుడిసె ముందరనో నిలువవలసినదే. ఆ గుడిసెవారు చెంబెడు నీళ్లిత్తురో, కుక్కను ఉసికొల్పుదురో, అది వచ్చినవానినిబట్టి మాత్రమే కాదు. అతనికి ముందు ఆ ఒడ్డున దిగినవారు ఎట్లు నడుచుకొనిరో దానినిబట్టియు ఉండును. దక్షిణ సముద్రద్వీపములలో సువార్త ప్రకటించిన జాన్ విలియమ్స్ గారి జీవితము ఈ సంగతిని మనకు నేర్పుచున్నది.

విలియమ్స్ గారు 1796లో లండను పట్టణమునకు సమీపమైన టాటెన్‌హామ్ అను ఊరిలో జన్మించిరి. పదునాలుగేండ్ల ప్రాయమున ఇనుపసామానుల అంగడిలో పనికి కుదిరిరి. అమ్మకమే ఆయన పని. అయినను తీరిక దొరికినప్పుడెల్ల కొలిమియొద్దకు పోయి కమ్మరపుపని నేర్చుకొనిరి. ఆ నేర్పు ఎక్కడ అక్కరకు వచ్చునో అప్పుడాయన ఎరుగరు. 1814 జనవరిలో ఒక ఆదివారము సాయంకాలము స్నేహితులతో వినోదమునకు పోవలెనని వీధిలో కాచుకొని యుండగా, యజమానుని భార్య చూచి, ఆయనను ఆరాధనకు పిలుచుకొని పోయెను. ఆ రాత్రి వినిన ప్రసంగము ఆయన బ్రదుకును మార్చెను. 1816లో లండను మిషనెరీ సొసైటీవారు ఆయనను ప్రభువు సేవకు ప్రత్యేకించిరి. భార్య మేరీ గారితో ఓడయెక్కి, సంవత్సరకాలము ప్రయాణముచేసి, తాహితి ప్రాంతము చేరి, 1818లో రైయాటియ అను ద్వీపమున కాపురముండిరి.

ఆ సముద్రములో తిరుగుట మన కాలువలో పడవ నడిపినట్లు కాదు. అనేక ద్వీపములచుట్టు పగడపుదిబ్బ కోటగోడవలె నుండును. దానిలో సందున్న చోటనే చిన్నపడవ లోనికి పోగలదు. ఓడలో నీటిపీపాలు వట్టిపోవును, తిండి తరిగిపోవును. అప్పుడు చిన్నపడవను దింపి, ఒడ్డుననున్నవారికి గాలములు, పూసలు, గుడ్డలు ఇచ్చి, నీళ్లును కొబ్బరికాయలును పెండలపు దుంపలును అడిగి తెచ్చుకొందురు. ఒడ్డున ఆడువారును పిల్లలును కనబడినచో మేలు. మగవారు మాత్రమే నిలిచియున్నచో జాగ్రత్తపడవలెనని ఓడవారు ఎరుగుదురు.

1823లో విలియమ్స్ గారు రారొటొంగ ద్వీపమునకు వెళ్లిరి. దిగిన రాత్రియే అక్కడివారు ఉపదేశకుల భార్యలకు కీడు తలపెట్టిరి గనుక అందరును ఓడకు మరలివచ్చిరి. అయితే పపెయిహ అను ద్వీపవాసియైన ఉపదేశకుడు ఒంటరిగా ఆ ఒడ్డున నిలుచుటకు ఒప్పుకొనెను. 1827లో విలియమ్స్ గారు తిరిగి వచ్చునప్పటికి ఆ జనులు విగ్రహములను విడిచిపెట్టియుండిరి. ఆ ద్వీపములలో దొరలకంటె ముందు నిలిచి కష్టపడినవారు ఇట్టి స్వదేశీయులైన ఉపదేశకులే.

అప్పుడు తిరిగి పోవుటకు ఓడ లేకపోయెను. విలియమ్స్ గారు తామే ఓడ కట్టుటకు పూనుకొనిరి. కొలిమితిత్తికి తోలు కావలసి మేకలను కోసిరి. ఎలుకలు ఆ తోలును తినివేసెను. చెక్కపెట్టెతో గాలికొట్టు యంత్రమును చేసికొనిరి. ఱంపము లేక మ్రాకులను మేకులతో చీల్చిరి. ఇనుము చాలక కొయ్యచీలలు బిగించిరి. చెట్టునారతో త్రాళ్లు, చాపలతో తెరచాపలు చేసిరి. సుమారు పదునైదు వారములలో అరువది అడుగుల ఓడ నీట దిగెను. దానికి సమాధానదూత అని పేరుపెట్టిరి. మొదటి ప్రయాణము ఐటుటాకి ద్వీపమునకు. అక్కడనుండి పందులను, కొబ్బరికాయలను, పిల్లులను ఎక్కించుకొని వచ్చిరి. పిల్లులెందుకని నవ్వవలదు, రారొటొంగవారికి ఎలుకల బాధ అంత గొప్పది.

ఆ ఓడమీదనే 1830లో సమోవా ద్వీపములకు ఉపదేశకులను చేర్చిరి. 1834లో స్వదేశమునకు వెళ్లి, నాలుగేండ్లుండి, 1838లో కామ్డెన్ అను ఓడమీద తిరిగి బయలుదేరిరి.

1839 నవంబరు 20వ తేదీన కామ్డెన్ ఓడ ఎరొమాంగ ద్వీపము చేరెను. అది ఇప్పుడు వనువాటు దేశములోనిది. చిన్నపడవలో కెప్టెన్ మోర్గన్, హారిస్, కన్నింగ్‌హామ్ అనువారితో విలియమ్స్ గారు ఒడ్డునకు వెళ్లిరి. అక్కడివారు తొలగిపొమ్మని సైగచేసిరి. వీరు పూసలును గాలములును ఇచ్చి, నీళ్లు కావలెనని చూపి, పడవలోని బొక్కెన ఇచ్చిరి. ఒకడు దానిని తీసికొని పరుగెత్తి, నీళ్లు నింపి తెచ్చెను. కొబ్బరికాయలును ఇచ్చిరి. నీళ్లిచ్చినవారు చంపుదురని ఎవరు అనుకొందురు? ఒడ్డున మగపిల్లలు ఆడుకొనుచుండిరి, గాని ఆడువారు ఒక్కరును కనబడలేదు. హారిస్ లోపలికి నడిచెను, విలియమ్స్ గారును వెంబడించిరి. అంతలో కేక వినబడెను. హారిస్ వాగులో పడి చంపబడెను. విలియమ్స్ గారు సముద్రమువైపు పరుగెత్తి, రాళ్ల ఒడ్డున తూలి నీటిలో పడగా, దుడ్డుకఱ్ఱలతో కొట్టి చంపిరి. అప్పటికాయనకు నలువది మూడేండ్లు. ఆయన ఎముకలు మరుసటి సంవత్సరము సమోవాలోని ఆపియలో పాతిపెట్టబడెను.

ఎందుకిట్లు జరిగెను? 1825లో ఆ ద్వీపమందు చందనపుచెట్లున్నవని వర్తకులు కనుగొనిరి. తరువాత ఓడలు వచ్చెను. వచ్చినవారు చెట్లు నరికిరి, తుపాకులు పేల్చిరి, ద్వీపవాసులను చంపిరి. ఆ పడవలును తెల్లవారివే, ఈ పడవయు తెల్లవారిదే. సువార్తకు వచ్చినవారు, చందనమునకు వచ్చినవారు అను భేదము ఆ జనులకు ఎట్లు తెలియును? ముందువారు చేసిన అప్పును వెనుకవచ్చినవాడు తన ప్రాణముతో తీర్చెను.

అయినను దేవుని పని ఆగలేదు. ఆదివారపు బడి పిల్లలు పోగుచేసిన కాసులతో కట్టిన ఓడకు జాన్ విలియమ్స్ అని పేరుపెట్టి 1844లో ఆ ద్వీపములకు పంపిరి. ఎరొమాంగలో మరికొందరు సేవకులు చంపబడిన తరువాత అక్కడ సంఘము స్థిరపడెను. 2009లో విలియమ్స్ గారి వంశస్థులు ఆ ద్వీపమునకు వెళ్లిరి. చంపినవారి సంతతివారు వారిని క్షమాపణ అడిగిరి, ఉభయులును సమాధానపడిరి. నూట డెబ్బది యేండ్లకు ఆ ఒడ్డున పగ తీరెను.

ప్రియులారా, ఓడ పగిలి మెలితే ద్వీపమున దిగిన పౌలును జ్ఞాపకము చేసికొనుడి. వానలో తడిసిన పరదేశులకు ఆ ద్వీపవాసులు నిప్పు రాజేసిరి. పౌలు వారియొద్ద ఏమియు దోచుకొనలేదు. పొప్లి తండ్రికొరకు ప్రార్థించి, రోగులను స్వస్థపరచెను. కనుకనే ఓడయెక్కునప్పుడు కావలసిన సామగ్రి వారే తెచ్చి యిచ్చిరి. తరువాత ఆ రేవున దిగిన క్రైస్తవునికి పౌలు దారి చక్కచేసి యుండెను.

మనమును పొరుగూరికి సువార్తకు పోవుదుము. మనకు ముందు అక్కడికి క్రైస్తవుడని పేరుపెట్టుకొని పోయి, అప్పు ఎగవేసినవాడో, కూలి తక్కువయిచ్చినవాడో ఉండవచ్చును. వాడు పడవయెక్కి పోయినను వాని అడుగుజాడ ఒడ్డున నిలిచియుండును. మన అడుగుజాడ ఎట్టిది? మన తరువాత ఆ గడపకు నీళ్లడుగ వచ్చు సహోదరుని ఆ యింటివారు ఎట్లు చూతురు? ఈ నెల ఎవరికైన మనము బాకీయున్నచో తీర్చుదము. ఎవరినైన నొప్పించియున్నచో వెళ్లి ఒప్పుకొందము.

ప్రార్థన: ప్రభువా, సమరయ స్త్రీని నీళ్లడిగిన నీవు ఆమెకు జీవజలము నిచ్చితివి. మేము దిగిన ప్రతి రేవున మేలు విడిచిపోవునట్లు మాకు కృప దయచేయుము. ఆమేన్.