స్టూవర్టుపురం వెనుక ఫకీర్ సింగ్

మక్తల్ అంగట్లో గంపలు, చాటలు అమ్ముకునే మన ఎరుకల పెద్దలకు బాపట్ల పక్కనున్న స్టూవర్టుపురం దూరపు ఊరే. అయినా ఆ పేరు మన ఇండ్లలో తెలియనివారు లేరు. సినిమాలు దాన్ని దొంగల ఊరుగానే చూపించాయి. ఆ ఊరు పుట్టడానికి కారణమైన మనిషి గురించి మన యువత తెలుసుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఫ్రెడరిక్ టక్కర్ 1853లో ముంగేర్‌లో పుట్టిన ఆంగ్లేయుడు. ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి పంజాబులో అధికారి అయ్యాడు. 1881లో ఆ కొలువు వదిలేసి సాల్వేషన్ ఆర్మీలో చేరాడు. మరుసటి ఏడు ముగ్గురు సహచరులతో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టి, చెప్పులు లేకుండా తిరిగి, భిక్షాన్నం తిని, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. వీధుల్లో ఊరేగింపులు తీసినందుకు తెల్లదొరల సర్కారే ఆయన్ను జైల్లో పెట్టింది. భార్య లూయిసా 1887లో చనిపోయింది. తర్వాత పెండ్లాడిన ఎమ్మా బూత్ 1903లో అమెరికాలో రైలు ప్రమాదంలో పోయింది. బూత్-టక్కర్‌గా పేరు మారిన ఆయన 1907లో మళ్లీ ఇండియాకే వచ్చాడు.

ఆయన చెప్పింది క్రైస్తవుల మూల విశ్వాసం. ఏ పాపం లేని యేసు అందరి పాపానికి ప్రాయశ్చిత్తంగా సిలువపై బలి అయ్యాడు. అందుకే క్షమాపణ ఉచితం. దానికి పుట్టుక అడ్డు కాదు, మన మంచితనం వెల కాదు. దాన్నే కృప అంటారు.

1871 నాటి నేరస్థ తెగల చట్టం దీనికి పూర్తిగా ఎదురు. ఫలానా కులంలో పుడితే చాలు, నేరస్థుడే అంది. 1911లో అది మద్రాసు ప్రాంతానికీ వచ్చింది. ఈ మనుషులను మాకు అప్పగించండి, పని నేర్పి మారుస్తామని బూత్-టక్కర్ సర్కారుకు చెప్పాడు. ముందు గోరఖ్‌పూర్‌లో, తర్వాత మన తెలుగునాట సెటిల్‌మెంట్లు లేచాయి. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరున వెలసిందే స్టూవర్టుపురం.

అక్కడ భూమి దొరికింది, బడి దొరికింది. కానీ పేరు రిజిస్టరులోనే ఉంది. హాజరు పలకాలి, చీటీ లేనిదే ఊరు దాటరాదు. ఏ తప్పూ చేయనివారికీ ఇదే గతి. కృప గురించి బోధించిన చేతులే హాజరు పట్టీ కూడా పట్టుకున్నాయి. సర్కారు 1913లో ఆయనకు కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

ఆయన 1929లో లండన్‌లో కన్నుమూశాడు. ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఆయన త్యాగాన్ని మేం తక్కువ చేయం. కానీ కొలువు వదలడం ఆయన ఇష్టం; సెటిల్‌మెంటులో ఉండాలా వద్దా అని మన పెద్దలను ఎవరూ అడగలేదు. ప్రాయశ్చిత్తం చేసుకోవలసింది ఆ చట్టమే, మన పుట్టుక కాదు. రేపు ఎవరైనా ఆ ఊరి పేరెత్తి నవ్వితే తల దించకండి. ఈ కథంతా చెప్పండి.