అల్ ఖ్వారిజ్మీ - కుండలీకరణాలు లేని బీజగణితం

బీజగణితాన్ని ప్రత్యేక శాస్త్రంగా తీర్చిదిద్దిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ క్రీ.శ. 780 ప్రాంతంలో జన్మించారు. ఆయన మూలం ఖ్వారిజ్మ్ సీమ అని పేరే సూచిస్తున్నది. నేడది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్‌లలో ఉన్నది. ఆయన కృషి మాత్రం బాగ్దాదులో సాగింది. ఖలీఫా అల్ మామూన్ పాలనలో (813-833) అక్కడి ‘బైతుల్ హిక్మా’ అను విజ్ఞాన మందిరంలో ఆయన పనిచేశారు. ఖగోళ పట్టికలు, భూగోళ గ్రంథం, భారతీయ అంకెలతో లెక్కించే విధానంపై ఒక గ్రంథం రచించారు. ‘అల్గారిథం’ అన్న మాట ఆయన పేరుకు లాటిను రూపం నుండి పుట్టినదే.

820 ప్రాంతంలో వెలువడిన ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ ఆయన కీర్తికి మూలం. జబ్ర్ అనగానే మన ఉర్దూ చదువరులకు బలవంతం స్ఫురిస్తుంది. అరబ్బీలో విరిగిన ఎముకను అతికించడమూ జబ్రే. ఋణపదాన్ని ఆవలి పక్షానికి చేర్చి సమీకరణాన్ని సరిచేయడం ఇక్కడి అర్థం. వారసత్వపు వాటాల లెక్కలకు గ్రంథంలో పెద్ద భాగమే కేటాయించారు.

ఆ గ్రంథంలో గుర్తులు లేవు. సంఖ్యలు సైతం మాటలలోనే ఉన్నాయి. ఒక వర్గానికి దాని మూలాన్ని పదింతలు చేసి కలిపితే 39 అవుతుంది, ఆ మూలమెంత? పదిలో సగం 5, దాని వర్గం 25, దానికి 39 చేర్చగా 64, దాని వర్గమూలం 8, అందులో 5 తీసివేయగా 3. ఏది ముందో ఏది పిదపో వాక్యమే చెబుతున్నది గనుక కుండలీకరణాల అవసరం ఆయనకు కలుగలేదు.

అదే లెక్కను మన నెల్లిమర్ల విద్యార్థి నేడు కంప్యూటరులో √((10/2)^2+39)-5 అని టైపు చేయాలి. లోపలి కుండలీకరణం విడిచితే యంత్రం ముందుగా 2ను వర్గించి 10ని 4తో భాగిస్తుంది. 25కు బదులు 2.5 వస్తుంది. వెలుపలిది విడిచితే వర్గమూలం మొదటి పదానికే తగిలి, 5+39-5, అనగా 39 వస్తుంది. ప్రశ్నలోని సంఖ్యే తిరిగి వచ్చినందున అనుమానం కూడా పుట్టదు! నోటు పుస్తకంలో ఈ చిక్కు లేదు. √ పైన మనం లాగే అడ్డగీత, భిన్నం మధ్య గీత మౌనంగా కుండలీకరణం పనే చేస్తాయి. టైపు చేసేటప్పుడు ఆ గీతలు పోతాయి. వాటి స్థానాన్ని మనమే పూరించాలి.

అల్ ఖ్వారిజ్మీ 850 ప్రాంతంలో కన్నుమూశారు. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఆ గ్రంథాన్ని లాటినులోకి అనువదించారు. గుండ్రని కుండలీకరణాలు 1556 నాటి ఇటలీ గణితజ్ఞుడు టార్టాలియా గ్రంథంలో కనిపిస్తాయి. అప్పటికి ఆయన గతించి ఏడు వందల ఏళ్లు.